ఒడ్డు కొలిచిన రాయి

మా మనవరాలు మౌనిక కాలేజీలో ఒక ప్రాజెక్టు చేస్తోంది. విశాఖ ఒడ్డు ఇన్నేళ్ళలో ఎక్కడెక్కడ ఎంత లోపలికి జరిగింది, అందులో తుఫాన్లు తిన్నదెంత, మామూలు రోజుల్లో మెల్లగా పోయినదెంత అని లెక్క తేల్చాలట. ఇప్పటి పిల్లలకి ఈ పనికి కాళ్ళు తడవనక్కర్లేదు. ఆకాశం నుంచి తీసిన ఫోటోల మీద ఏడాదికొక రంగు గీత గీసుకుంటూ పోతుంది. ఆ ఫోటోలు దొరకని పాత ఏళ్ళకి మాత్రం ఏదో ఆఫీసులోంచి బూజు పట్టిన కొలతల కాగితాలు సంపాదించింది. మొన్న ఆదివారం మా అల్లుడు బి షిఫ్టుకి వెళ్ళాక, ఉక్కునగరం క్వార్టర్లో ముందుగదిలో కూర్చుని కాఫీ తాగుతుంటే, కంప్యూటర్ నా వైపు తిప్పింది. "తాతయ్యా, నువ్వు స్టీల్ ప్లాంటులో చేరకముందు ఒడ్డు కొలిచేవాడివి కదా. ఇది చూడు. ఈ పేట దగ్గర మూడేళ్ళు గీత అస్సలు కదల్లేదు. తర్వాత ఒక్క తుఫానుకి ఇలా పడిపోయింది. మొత్తం ఆ ఒక్క తుఫానే తినేసిందని రాసేస్తున్నాను, కరెక్టేనా?"

కళ్ళజోడు సర్దుకుని చూశాను. బల్లపరుపుగా ఉన్న ఆ మూడేళ్ళ గీత నా చేతిరాతే. పక్కన పెట్టిన కాగితం మీద మూలకి నా పొట్టి సంతకం కూడా ఉంది. కాఫీ చల్లారిపోయిందని గొణిగి, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నలభై ఏళ్ళు దాటినా ఆ పేట పేరు చెవిన పడితే నా అరికాళ్ళ కింద ఇసుక జారుతున్నట్టే ఉంటుంది. పేరు ఇక్కడ రాయను. అక్కడివాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు.

మాది ఆనందపురం పక్క వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా సముద్రాన్ని దూరం నుంచి చూడటమే తప్ప దాని పక్కన నిలబడి ఎరగను. అలాంటివాడికి దినకూలీ లెక్క మీద సర్వే ఆఫీసులో పని దొరికింది. ప్రతి అమావాస్యకీ, ఆ మర్నాడూ, నీళ్ళు బాగా వెనక్కి తీసిన వేళ చూసి ఒడ్డు కొలవాలి. ఆ జాలర్ల పేటలో, ఇసుకలో పాతిన ఒక మోకాలెత్తు రాయి ఉండేది. ఆ రాయి దగ్గర టేపు పెట్టి నీటి అంచు దాకా కొలవడం మొదటి కొలత. అదే రాయి నుంచి వెనక్కి, రోడ్డు పక్కనున్న పాత బంగళా ప్రహరీగోడ దాకా కొలవడం రెండోది. గోడ కదలదు కాబట్టి, రెండో కొలత మారకపోతే రాయి కూడా కదల్లేదని అర్థం. రాయి కదల్లేదంటే మొదటి కొలత నమ్మవచ్చు. ఇంతే విద్య. పై ఆఫీసరు మొదటి రోజే చెప్పాడు, రెండో కొలత లేని మొదటి కొలత చిత్తుకాగితమని. నేను బుద్ధిగా తల ఊపాను.

రెండు రోజుల పని కాబట్టి ఆ రాత్రి పేటలోనే ఉండిపోయేవాణ్ణి. నన్ను ఉండనిచ్చినవాడు నూకరాజు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. కులం వేరు, ఊరు వేరు, అయినా రెండో నెలకే నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను. అతని భార్య పోలమ్మని నేను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాణ్ణి. ఇంటికి పెద్దదిక్కు నూకరాజు తల్లి గౌరమ్మ. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు ముక్కుకి తెలుసు. చూరు కింద కట్టిన ఎండుచేపలు, వలలకి పట్టించే చెక్క కషాయం, తడిసి ఆరని తాళ్ళు, పొయ్యిలో కొబ్బరి డొక్కల పొగ. మొదటిసారి భోజనానికి కూర్చున్నప్పుడు రెండు ముద్దలు కెలికి లేచిపోయాను. మూడోసారికి పోలమ్మ పెట్టే చోడి అంబలీ, కాల్చిన కవళ్ళ చేపలూ లేకపోతే అమావాస్య వచ్చినట్టే ఉండేది కాదు.

గౌరమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడుతూ, అలాగే వల బాగుచేస్తూ ఉండేది. నాకు భయం వేసేది ఎక్కడ నాలుక కాలుతుందో అని. ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. తెల్లారగానే చాప మీంచి లేవకముందే అరచెయ్యి నేల మీద బోర్లా పెట్టి కాసేపు అలాగే ఉండేది. కెరటం ఒడ్డుకి కొట్టినప్పుడు ఆ దెబ్బ నేలలోంచి చేతికి తెలుస్తుందట. "ఈయాల బాగున్నాది, ఎల్లు," అనేది కొడుకుతో. లేదంటే ఏమీ అనకుండా చెయ్యి తీసి కొంగుకి తుడుచుకునేది. ఆ రోజు నూకరాజు తెప్ప దింపేవాడు కాదు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని నేలకి ఆనించింది. ఎక్కడో అడుగున ధప్ మని తగిలింది. నేను చెయ్యి లాక్కున్నాను. ఆవిడ నవ్వింది. "పొలం నాకొడుకువి, నీకేటి తెలుస్తాది. బయపడకు బాబూ, అమ్మున్నాది కదా."

అమ్మ అంటే మా సర్వే రాయి. ఆఫీసువాళ్ళు దాన్ని పాతి వెళ్ళిన వారానికే పేట ఆడవాళ్ళు పసుపు రాసి బొట్టు పెట్టారు. నేను చేరేటప్పటికి దానికి చీర ముక్క కూడా చుట్టి ఉంది. ఆఫీసరుకి చెబితే, మంచిదేనయ్యా, ఎవరూ పీక్కుపోరు అన్నాడు. నేను టేపు పెట్టేముందు చెప్పులు విడిచి, చీర ముక్క కాస్త పక్కకి జరిపి, పని అయ్యాక మళ్ళీ కప్పేవాణ్ణి. అలా చేయడం చూసి పేటలో నాకు మర్యాద పెరిగింది. కొలతలబాబు అనేవారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. రాయికీ బంగళా గోడకీ మధ్య మొగలి పొదలు దట్టంగా ఉండేవి. ముళ్ళు, పాములు, ఇంకా పేటవాళ్ళు పొద్దున్నే వెళ్ళే చోటు కూడా అదే. మొదటి మూడు నెలలు తిట్టుకుంటూ రెండో కొలత తీశాను. మూడు సార్లూ ఒకటే అంకె. రాయికి కాళ్ళొచ్చి నడుస్తుందా అనుకున్నాను. నాలుగో నెల నుంచి ఆ పొదల్లోకి పోకుండా పాత అంకెనే పుస్తకంలో దింపేశాను. అలా మూడేళ్ళు. ఎవరూ అడగలేదు. మొదటి కొలత కూడా కెరటం తేడా తప్ప ఇంచుమించు ఒకేలా వస్తుండేది కాబట్టి, అంతా సవ్యంగా ఉందనే నాకూ అనిపించింది.

నూకరాజుకి మాత్రం అలా అనిపించలేదు. ఒకరోజు వేట నుంచి వచ్చి, ఒళ్ళంతా ఉప్పు తెల్లగా కట్టి ఉండగానే నా పక్కన కూలబడ్డాడు. "బావా, మునుపు తెప్ప ఒడ్డు నుండి ఇంటికాడికి లాగితే నలుగురం మజ్జిలో రెండు పాలీలు ఆగేవోళ్ళం. ఇప్పుడు ఒక్కపాలి కూడా ఆగకండానే ఒచ్చేత్తన్నాం. సముద్రం మీదకొత్తంది బావా." నేను పుస్తకం తెరిచి అంకెలు చూపించాను. నీకు బలం పెరిగింది బావా అని వేళాకోళం కూడా ఆడాను. అతను చదువుకోలేదు. అంకెల వంక కాసేపు చూసి, "సర్లే, నువ్వు సదువుకున్నోడివి," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే ఒడ్డు కోసుకుపోతున్న పేటలవాళ్ళకి రోడ్డు అవతల మెరక మీద ఇళ్ళ స్థలాలు ఇస్తామన్నారు. కోత ఉందో లేదో చెప్పాల్సింది మా కొలతలు. నూకరాజు, ఇంకో పది మంది వేలిముద్రలు వేసి అర్జీ పెట్టారు. రెండు నెలలకి జవాబు వచ్చింది. అది చదివి వినిపించమని నా చేతికే ఇచ్చారు. మూడేళ్ళ కొలతల ప్రకారం ఇక్కడ కోత లేదు, స్థలాలు అవసరం లేదు అని ఉంది. చదివాను. పోలమ్మ చంటిపిల్లని భుజం మార్చుకుంటూ, "మరి నుయ్యి ఎందుకుప్పగైపోనాది తమ్ముడూ?" అని అడిగింది. నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నూకరాజు చేతికిచ్చేశాను.

మర్నాడు టేపు తీసుకుని మొగలి పొదల్లోకి దిగాను. మూడేళ్ళ తర్వాత. రాయి నుంచి గోడ దాకా మూడు నిండు టేపులూ, ఇంకా కాస్తా ఉండాలి. రెండు టేపులు అయ్యాయి. మూడోది లాగుతున్నాను. ఇంకా చేతిలో టేపు చాలా మిగిలి ఉండగానే, పొదల సందులోంచి గోడ నా మొహానికి ఎదురొచ్చింది. గోడ ముందుకి రాదు. అంటే నేను ప్రతి నెలా చెప్పులు విడిచి దండం పెట్టిన రాయి వెనక్కి వచ్చింది. నీరు ఎంత వస్తే అదీ అంత వచ్చింది. అంకె చదవడానికి వంగాను. వంగినవాణ్ణి ఆగిపోయాను. చదివితే రాయాలి. రాస్తే మూడేళ్ళ దొంగ అంకెలు బయటపడతాయి, ఉద్యోగం పోతుంది, మా నాన్న మొహం ఎలా చూడాలి. చదవకుండానే టేపు చుట్టేశాను. ఆఫీసుకి వెళ్ళి పాత అంకే రాశాను. అదే ఆ మూడేళ్ళ గీతలో చివరి చుక్క.

తర్వాత నెల రోజులూ నాకు అన్నం సహించలేదు. రోజూ పొద్దున్న లేచి ఆకాశం చూసేవాణ్ణి. చూరు కదిలితే ఉలిక్కిపడేవాణ్ణి. చెప్పేద్దాం, వచ్చే అమావాస్యకి చెప్పేద్దాం అనుకుంటూనే ఉన్నాను. కార్తీకమాసంలో ఒక ఉదయం ఆఫీసులో అందరూ కిటికీల దగ్గర గుమిగూడారు. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు, అదీ పెద్ద నంబరు. ఇళ్ళకి పొమ్మన్నారు. అందరూ గోపాలపట్నం వైపు బస్సులకి పరిగెత్తుతుంటే నేను ఒక్కణ్ణే ఎదురు నడిచాను. ధైర్యం కాదు. అక్కడికి వెళ్ళకపోతే వచ్చే భయం ఇంకా పెద్దదనిపించింది.

పేట చేరేటప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటి ఉంటుంది, వెలుగు మాత్రం సాయంత్రంలా ఉంది. గాలి ఇసుకని ఎత్తి మొహాన కొడుతోంది. సముద్రం నేను ఎరిగిన రంగులో లేదు. బురద రంగులో, ఎత్తుగా, నా కంటికంటే ఎత్తుగా కనిపించింది. నూకరాజు చూరుకి తాళ్ళు బిగిస్తున్నాడు. అతని దగ్గరికి వెళ్ళి, అరవకపోతే వినపడదు కాబట్టి అరుస్తూనే చెప్పాను. "బావా, నా కొలత తప్పు. నువ్వు చెప్పిందే నిజం. నేను గోడ దాకా కొలవలేదు. నెల కిందటే తెలిసింది, చెప్పలేదు." అతను తాడు వదల్లేదు. "ఇప్పుడు సెప్తే ఏటి సేత్తాం బావా," అన్నాడు. "పిల్లల్నొట్టుకో. ఇస్కూలుకాడికి పోదాం."

పిల్లలిద్దరినీ, పోలమ్మనీ, కుండలూ గుడ్డలూ మూటలు కట్టినవీ రోడ్డు అవతల బడికి చేర్చాం. అక్కడ చూసుకుంటే గౌరమ్మ లేదు. "అత్త అమ్మకాడుంటాది," అంది పోలమ్మ. నూకరాజు అప్పటికే పక్కింటి గుడ్డివాణ్ణి మోసుకు రావడానికి వెళ్ళాడు. నేను వెళ్ళి తీసుకొస్తానన్నాను.

ఆవిడ రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వుతోంది. నన్ను చూసి నోట్లో ఆరిపోయిన చుట్ట తీసి పారేసింది. "మగోడు సూడకూడదు, ఒట్టుకోకూడదు. ఆడోళ్ళందరూ ఎల్లిపోనారు. నానొక్కర్తినీ ఎత్తలేను. నువ్వో పక్కొట్టుకో బాబూ, తప్పు నా మీదెట్టుకుంతాను." రాయికి కాళ్ళెలా వచ్చాయో అప్పుడర్థమైంది. రెండో పక్క పట్టుకున్నాను. ఊడింది. ఆవిడ వెనక్కి నడుస్తూ ఒక్కొక్క అడుగూ పైకి లెక్కపెట్టింది. ఏడు. ఏడో అడుగు దగ్గర దించి, చుట్టూ ఇసుక ఎగదోసి, కొంగుతో రాయి మొహం తుడిచింది. "ఇది నాలుగోపాలి," అంది ఊపిరి తీసుకుంటూ. "పోలికి ఆడగుంట పుట్టిన కార్తీకం ఒకపాలి. నుయ్యి ఉప్పగైన యేడు ఒకపాలి. మావోడు నైలాను వల కొన్నేడు ఒకపాలి. పెతీపాలీ ఏడేసి అడుగులే. గంగ ముందుకొత్తే అమ్మని ముంచేయకండా మనవే జరపాల. ఎవులికీ సెప్పకూడదు." నా మూడేళ్ళ పుస్తకంలో లేనిదంతా ఆ ముసలామె ఒక్క గుక్కలో చెప్పేసింది.

పద అత్తా అన్నాను. రానంది. "అమ్మని మెరకెట్టినాం కదా, ఇంక దాటి రాదు. నానిక్కడే కూకుంతాను." చెయ్యి పట్టుకుని లాగాను. అప్పుడు ఒక కెరటం ఆగకుండా పాకి వచ్చి నా మోకాళ్ళ దాకా తగిలింది. ఒకటి చెప్పాలి. చెయ్యి ఆవిడే విడిపించుకుందని నూకరాజుతో చెప్పాను, పోలమ్మతో చెప్పాను, తర్వాత మా ఆవిడతో కూడా అదే చెప్పాను. కాదు. కాళ్ళ కింద ఇసుక జారగానే నాకు ప్రాణభయం పట్టుకుంది. చెయ్యి నేనే ముందు వదిలేశాను. వెనక్కి చూడకుండా బడి మెట్ల దాకా పరిగెత్తాను. నూకరాజుకి రానంది అని చెప్పగానే దూకబోయాడు, నలుగురు పట్టుకున్నారు. ఆ తర్వాత రోడ్డుకి ఒడ్డు వైపున ఏం జరిగిందో ఎవరికీ కనిపించలేదు. వాన, ఇసుక, చప్పుడు. అంతే.

మర్నాడు ఇల్లు లేదు, మొగలి పొదలు సగం లేవు, రాయి లేదు, గౌరమ్మ లేదు. ఆఫీసరు జీపులో వచ్చి కొలవమన్నాడు. గోడ దగ్గర టేపు పట్టుకుని నిలబడితే రెండో టేపు నిండకుండానే నీరు తగిలింది. ఆ అంకె చదివాను, రాశాను. ఆఫీసరు పాత పుస్తకంతో పోల్చి చూసి, ఒక్కరోజులో ఇంత పోయిందా అన్నాడు. "అవునండి, ఒక్కరోజులోనే," అన్నాను. ఆ అంకె చూశాకే పేటవాళ్ళకి మెరక మీద స్థలాలు ఇచ్చారు. ఆ సంగతి చెప్పడానికి నూకరాజు ఆఫీసు గేటు దాకా వచ్చాడు. "సలం ఒచ్చింది బావా. మాయమ్మ పోనాక ఒచ్చింది," అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి అంబలి తాగి ఉండేవాణ్ణేమో. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలియగానే అటు వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఉద్యోగమంతా ఇనుము మధ్య, సముద్రం కనపడని చోట చేశాను.

సింకు దగ్గర్నుంచి తిరిగి వచ్చి మౌనిక పక్కన కూర్చున్నాను. మొత్తం చెప్పాను, చెయ్యి వదిలిన సంగతితో సహా. దాని ఫోటోల్లో రాళ్ళు లేవు, జరిపేవాళ్ళు లేరు, పొదలకి భయపడి పాత అంకె దింపేవాడు లేడు. మంచిదే. కాని ఆ రంగు గీతల కింద ఎవరి పొయ్యి ఉండేదో అందులో కనిపించదు. కనిపించి ఉంటే నేనింత కాలం దాచగలిగేవాణ్ణీ కాదు. మౌనిక, "అంటే తాతయ్యా, ఒక్క తుఫాను కాదన్నమాట. మూడేళ్ళ నుంచీ వస్తూనే ఉంది," అంది. అవునన్నాను. పోలమ్మ కూతురు పుట్టిన ఏడు, నుయ్యి చెడిన ఏడు, వల కొన్న ఏడు ఏవేవో నేను చెబుతుంటే పక్కనే రాసుకుంది. ఆ చోట ఉండాల్సిన అసలు కొలతలు అవే. వాటిని గుర్తుంచుకున్నవి గౌరమ్మ కాళ్ళు మాత్రమే.

"ఏడేసి అడుగులు అన్నావు. ఆవిడ అడుగు ఎంత ఉండేది?" అని అడిగింది.

నాకు అంకె తెలియదు. కాని ఆ అడుగు తెలుసు, రాయికి రెండో పక్క పట్టుకుని దాంతోపాటే నడిచాను కదా. మౌనిక వంటింటి సొరుగులోంచి టేపు తెచ్చి, గోడ దగ్గర కొస పట్టుకుని నేల మీద కూర్చుంది. నేను బల్ల పక్కకి జరిపి, నడుం వంచి, చేతుల్లో బరువున్నట్టు పట్టుకుని, గోడ దగ్గర్నుంచి వెనక్కి గౌరమ్మ వేసినంత చిన్న చిన్న అడుగులు వేశాను. ఏడో అడుగు దగ్గర ఆగి, ఈసారి చదువమ్మా అన్నాను.